పెద్ద ఇంజన్‌ను పాత గేర్‌బాక్స్, పాత యాక్సిల్ తట్టుకుంటాయా?

మీరు అడిగినదాన్ని ముందుగా ఒకసారి చెబుతాను, లెక్కలన్నీ దానిమీదే ఆధారపడతాయి కనుక. మీ వ్యాన్ మొత్తం బరువు పరిమితి 3,500 కిలోలు, అందులో వెనుక యాక్సిల్ మీద 2,240 కిలోల వరకు పడవచ్చు. డ్రైవ్ వెనుక చక్రాలకు. ఇప్పుడున్నది 310 న్యూటన్ మీటర్ల గరిష్ఠ టార్క్ (తిప్పే బలం) ఇచ్చే 2.2 లీటర్ల డీజిల్ ఇంజన్, దాని వెనుక ఐదు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్స్. మొదటి గేర్ నిష్పత్తి 4.2, ఐదవది 0.8, యాక్సిల్ నిష్పత్తి 4.1, టైరు దొర్లే వ్యాసార్ధం 0.34 మీటర్లు. పాత ఇంజన్ తీసివేసి 430 న్యూటన్ మీటర్ల 3.0 లీటర్ల ఇంజన్ బిగించాలన్నది మీ ఆలోచన. గేర్‌బాక్స్‌కు తయారీదారు ఇచ్చిన పరిమితి 350 న్యూటన్ మీటర్లే అయినా, "కంపెనీవాళ్లు ఎప్పుడూ కాస్త తగ్గించే చెబుతారు, ఆ 80కి ఏమీ కాదు" అని ఇంజన్ అమ్మేవారు మీకు ధైర్యం చెప్పారు. అసలు ఇంజన్ మార్చకుండా ఉన్నదానికే రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి టార్క్ పెంచడం) చేయిస్తే సరిపోతుందా, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అయితే మేలా అని కూడా అడిగారు. నిష్పత్తులతో సహా అన్నీ రాశారు కాబట్టి సూటిగా జవాబు చెప్పే వీలు కలిగింది.

మీ గేర్‌బాక్స్ ఆ ఇంజన్‌కు పనికిరాదు. వెనుక యాక్సిల్ మాత్రం ఒక షరతు మీద పనికివస్తుంది. ఒకే ఇంజన్ టార్క్‌కు ఈ రెండు భాగాల విషయంలో రెండు వేర్వేరు జవాబులు ఎందుకు వస్తాయో అర్థమైతే మిగిలిన నిర్ణయాలు మీరే తీసుకోగలరు.

ముందు హార్స్‌పవర్ సంగతి పక్కన పెట్టండి. పళ్లు విరగడం, షాఫ్ట్ మెలిపడటం, క్లచ్ జారడం టార్క్ వల్ల జరిగేవి. హార్స్‌పవర్ ఎక్కువైతే ప్రధానంగా పెరిగేది నూనె వేడి. అందుకే గేర్‌బాక్స్ తయారీదారులు తమ పెట్టెలను టార్క్‌తోనే గుర్తిస్తారు. మెర్సిడెస్ 722.6 ఐదు గేర్ల ఆటోమేటిక్‌లో డబ్ల్యూ5ఏ330, డబ్ల్యూ5ఏ580 అనే రకాల్లో చివరి అంకె ఇంజన్ వైపు నుంచి తీసుకోగల న్యూటన్ మీటర్లను చెబుతుంది. జెడ్‌ఎఫ్ సంస్థ ఎనిమిది గేర్ల వరుసలో 8హెచ్‌పీ45, 8హెచ్‌పీ70, 8హెచ్‌పీ90 పేర్లను పదితో గుణిస్తే సుమారుగా ఆ పరిమితులే వస్తాయి. ఫోర్డ్ మాన్యువల్ గేర్‌బాక్స్‌లది మరో పద్ధతి. ఎంటీ75, ఎంటీ82 పేర్లలోని అంకెలు ఇన్‌పుట్ షాఫ్ట్‌కు, దాని కింద తిరిగే లే షాఫ్ట్‌కు మధ్య దూరాన్ని మిల్లీమీటర్లలో తెలుపుతాయి. ఈ దూరం నాకు చాలా ఇష్టమైన కొలత, ఎందుకంటే పెట్టె బయటి పరిమాణం చూసి మోసపోవచ్చు గాని దీనితో మోసపోలేము. పళ్ల వెడల్పు, లోహం, పైపూత అన్నీ ఒకటే అనుకున్నా, పళ్ల ఉపరితలం తట్టుకోగల టార్క్ ఈ దూరపు వర్గంతో పాటు పెరుగుతుంది. అంటే 75 నుంచి 82కి వెళ్లిన 7 మిల్లీమీటర్లే సుమారు 20 శాతం బలాన్ని అదనంగా ఇస్తాయి. "కేసింగ్ పెద్దగానే ఉంది" అన్న మాటకు నేను విలువ ఇవ్వకపోవడానికి కారణం ఇదే.

ఇక తయారీదారు మార్జిన్ గురించి. మార్జిన్ ఉంటుందన్నది నిజమే, కానీ అది మీరు వాడుకోవడానికి ఉంచినది కాదు. 350 అన్న అంకె ఆ టార్క్ దాటగానే పళ్లు విరుగుతాయని చెప్పదు. ఒక నిర్దిష్టమైన వాడకంలో, ఒక నిర్దిష్టమైన ఆయుష్షు వరకు బేరింగులు, పళ్లు నిలుస్తాయని చెబుతుంది. రోలర్ బేరింగ్ ఆయుష్షు దానిమీద పడే బరువుకు 10/3వ ఘాతంలో విలోమంగా మారుతుంది. బరువు 20 శాతం పెరిగితే ఆయుష్షు దాదాపు 54 శాతానికి పడిపోతుంది. మీ లెక్కలో 350 పరిమితి ఉన్న పెట్టెకు 430 వస్తే ఆయుష్షు సగమవుతుంది. ఇప్పటి 310తో పోలిస్తే మూడో వంతే మిగులుతుంది. అందువల్ల పెట్టె మొదటి రోజే పగలదు. కొన్ని నెలలు బాగానే నడుస్తుంది, అమ్మినవారి మాట నిజమేననిపిస్తుంది, తర్వాత ఒకరోజు టాప్ గేర్‌లో సన్నని ఏడుపులాంటి శబ్దం మొదలవుతుంది.

ఇక్కడ ఒక సహేతుకమైన అభ్యంతరం ఉంది. అదే బరువును అదే వేగంతో లాగితే ఇంజన్ పెద్దదైనా గేర్‌బాక్స్‌లోకి వెళ్లే టార్క్ అదే కదా అని మీరు అనవచ్చు. నిలకడ వేగంలో అది పూర్తిగా నిజం. పై లెక్క 430 నిజంగా వాడిన సమయానికి మాత్రమే వర్తిస్తుంది. అయితే పెద్ద ఇంజన్ పెట్టించుకునేవారు దాన్ని వాడుకోవడానికే పెట్టించుకుంటారు: గేర్ దించకుండా ఎత్తు ఎక్కుతారు, వెనుక ట్రైలర్ తగిలిస్తారు. ఎత్తైన కప్పు ఉన్న నిండు వ్యాన్‌ను గంటకు 100 కిలోమీటర్ల వేగంతో సమతల రోడ్డు మీద నడపడానికి ఇంజన్ నుంచి సుమారు 34 కిలోవాట్లు కావాలి. అదే వేగంతో 3 శాతం ఎత్తు ఎక్కాలంటే 65 కిలోవాట్లు కావాలి. మీ ఐదవ గేర్‌లో ఆ వేగానికి ఇంజన్ నిమిషానికి సుమారు 2,560 చుట్లు తిరుగుతుంది కాబట్టి అది 240 న్యూటన్ మీటర్ల పైచిలుకు. ఎత్తు 5 శాతమైతే పాత ఇంజన్ చేతులెత్తేసి గేర్ దించమంటుంది. కొత్తది ఏమీ ఎరగనట్టు అదే గేర్‌లో లాగుతుంది, ఆ భారమంతా కిలోమీటర్ల కొద్దీ టాప్ గేర్ పళ్ల మీద, బేరింగుల మీద పడుతుంది.

టాప్ గేర్ అని ప్రత్యేకంగా అనడానికి కారణం ఉంది. వెనుక చక్రాల డ్రైవ్ ఉన్న సాధారణ మాన్యువల్ పెట్టెలో టార్క్ ఇన్‌పుట్ షాఫ్ట్ నుంచి ఎప్పుడూ కలిసి ఉండే జత ద్వారా కిందనున్న లే షాఫ్ట్‌కు దిగి, అక్కడి నుంచి ఆ గేర్ జత ద్వారా మళ్లీ పైకి వస్తుంది. నిష్పత్తి 1 ఉన్న నేరు గేర్‌లో మాత్రమే టార్క్ ఏ పళ్లనూ తాకకుండా సూటిగా వెనక్కి పోతుంది. మీ పెట్టెలో అది నాలుగవది. మిగిలిన అన్ని గేర్లలో ఆ మొదటి జత, ఇన్‌పుట్ బేరింగ్ ఇంజన్ టార్క్‌ను పూర్తిగా మోయక తప్పదు. గేర్‌బాక్స్ విషయంలో రాజీ కుదరదని నేను అనడం ఇందుకే: మీరు ఎంత జాగ్రత్తగా గేర్లు వేసినా 430 వచ్చినప్పుడు ఆ జత 430 మోస్తుంది. బరువులు ఎక్కువగా లాగే పని ఉన్నవారికి టాప్ గేర్ నేరుగా ఉండే పెట్టె దొరికితే, అదే టార్క్ పరిమితి ఉన్న ఓవర్‌డ్రైవ్ పెట్టె (టాప్ గేర్ నిష్పత్తి 1 కంటే తక్కువ ఉన్నది) కంటే అది మంచి ఎంపిక.

యాక్సిల్ కథ వేరు. యాక్సిల్‌కు చేరే టార్క్ గేర్ నిష్పత్తిని బట్టి మారుతుంది, పైగా దానికి టైరు పట్టు అనే ఒక పై హద్దు ఉంటుంది. టైరు జారిపోయాక ఇంజన్ ఎంత బలమైనదైనా యాక్సిల్‌కు అంతకు మించి నిలకడైన భారం పడదు. మీ అంకెలతోనే చూద్దాం. మొదటి గేర్‌లో మొత్తం నిష్పత్తి 4.2ను 4.1తో గుణిస్తే 17.22. పోయే శక్తికి 8 శాతం తీసేస్తే పాత ఇంజన్ వెనుక చక్రాల దగ్గర సుమారు 4,900 న్యూటన్ మీటర్లు ఇవ్వగలదు, కొత్తది సుమారు 6,800 ఇవ్వగలదు. పొడి రోడ్డు మీద ఘర్షణ గుణకం 0.8 అనుకుంటే, వెనుక 2,240 కిలోలు ఉన్నప్పుడు టైర్లు దాదాపు 6,000 దగ్గర జారతాయి. అంటే నిండు బరువుతో పాత ఇంజన్ టైర్లను ఎప్పటికీ జార్చలేదు, యాక్సిల్ 4,900కు మించి చూడలేదు. కొత్త ఇంజన్‌తో అది 6,000 వరకు చూస్తుంది, 22 శాతం ఎక్కువ. ఎత్తు ఎక్కుతున్నప్పుడు బరువు ఇంకా వెనక్కి ఒరుగుతుంది కాబట్టి నిజమైన అంకె మరికొంత పెరుగుతుంది.

ఇప్పుడు ఖాళీ వ్యాన్‌తో అదే లెక్క వేయండి. వెనుక 1,000 కిలోలే ఉంటే టైర్లు 2,700 లోపే జారిపోతాయి. పాత ఇంజనైనా కొత్త ఇంజనైనా యాక్సిల్‌కు అదే గరిష్ఠం. ఇంజన్ మార్పించుకున్నవారు ఖాళీ బండిని గట్టిగా నడిపి చూసి "అన్నీ బాగున్నాయి" అనుకోవడంలో ఉన్న చిక్కు ఇదే. ఆ పరీక్షలో యాక్సిల్‌కు అసలు పరీక్షే జరగలేదు. లోడే పట్టు, పట్టే భారం. వాణిజ్య వాహనంలో డ్రైవ్‌లైన్ బలాన్ని నిండు బరువు దగ్గరే లెక్క కట్టాలి.

రెండవ గేర్‌కు వస్తే, నిష్పత్తి 2.3 దరిదాపుల్లో ఉంటే, పూర్తి 430 వచ్చినా చక్రాల దగ్గర సుమారు 3,700 మాత్రమే అవుతుంది, పాత ఇంజన్ మొదటి గేర్‌లో ఇచ్చినదానికంటే చాలా తక్కువ. కనుక మీ యాక్సిల్‌కు ప్రమాదం మొదటి గేర్‌లోనూ రివర్స్‌లోనూ మాత్రమే. నేను చెప్పిన షరతు ఇదే: ఆ రెండు గేర్లలో ఇంజన్ టార్క్‌ను ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) ద్వారా పాత స్థాయికి పరిమితం చేయించాలి. చాలామంది తయారీదారులు ఇదే చేస్తారు. కింది గేర్లలో ఇంజన్ తన పూర్తి టార్క్ ఇవ్వదని డ్రైవర్‌కు తెలియను కూడా తెలియదు.

ఇంజన్‌నే గేర్‌బాక్స్‌కు తగ్గట్టు తగ్గించిన ఉదాహరణ కూడా ఉంది. జనరల్ మోటార్స్ 2006లో ఎక్స్‌ప్రెస్ వ్యాన్లలో 6.6 లీటర్ల డ్యూరామాక్స్ డీజిల్ ఇంజన్ పెట్టినప్పుడు దాని టార్క్ 460 పౌండ్-అడుగులు, అంటే సుమారు 624 న్యూటన్ మీటర్లు. ఆ కాలపు పికప్ ట్రక్కుల్లో ఆలిసన్ 1000 గేర్‌బాక్స్‌తో జతపడిన అదే ఇంజన్ దాదాపు 880 వరకు ఇచ్చేది. వ్యాన్‌లో వాడినది నాలుగు గేర్ల 4ఎల్85-ఈ; ఆ పెట్టె పరిమితి సరిగ్గా 460 పౌండ్-అడుగులు. తర్వాత 2010లో ఆరు గేర్ల 6ఎల్90 వచ్చాక వ్యాన్ ఇంజన్ టార్క్ 525 పౌండ్-అడుగులకు, సుమారు 712 న్యూటన్ మీటర్లకు పెరిగింది. అంత పెద్ద సంస్థ తన ఇంజన్‌ను తానే కుదించుకుని గేర్‌బాక్స్ గీత దగ్గర ఆగిందంటే, ఆ గీత దాటమని మీకు చెబుతున్నవారి ధైర్యం ఎక్కడిదో నాకు తెలియదు.

క్లచ్ విషయంలో చాలామంది ఉత్సాహం హద్దు దాటుతుంది. క్లచ్ మోయగల టార్క్ సాధారణంగా ఇంజన్ గరిష్ఠానికి 1.2 నుంచి 1.5 రెట్లు ఉండేలా ఎంచుతారు. అంతకంటే తక్కువైతే వేడెక్కి జారుతుంది. అంతకంటే చాలా ఎక్కువ పెట్టి, గట్టి స్ప్రింగులున్న ప్రెషర్ ప్లేట్ వేయిస్తే, డ్రైవర్ పెడల్ ఠక్కున వదిలినప్పుడు తిరుగుతున్న ఫ్లైవీల్ జడత్వమంతా ఒక్క కుదుపుగా గేర్లలోకి, యాక్సిల్‌లోని క్రౌన్ వీల్, పినియన్ అనే గేర్ జతలోకి వెళుతుంది. క్లచ్ ఈ మొత్తం గొలుసుకు ఫ్యూజ్ వంటిది. కాలిపోతే మార్చుకోవడానికి అన్నిటికంటే తేలికైనది అదే కాబట్టి బలహీనమైన లంకె అక్కడే ఉండాలి. మీ 430కి 550 నుంచి 580 వరకు మోయగల క్లచ్ చాలు.

డ్యుయల్ మాస్ ఫ్లైవీల్‌ను తీసివేసి గట్టి ఫ్లైవీల్ వేయించమని కూడా మీకు ఎవరో ఒకరు సలహా ఇస్తారు. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ఒక చుట్టుకు రెండు పేలుళ్లే ఉంటాయి. 1,200 చుట్ల దగ్గర సెకనుకు 40 దెబ్బలు. డేటాషీట్‌లో కనిపించే 430 సగటు మాత్రమే. ఒక్కొక్క పేలుడు దగ్గర క్షణకాలపు టార్క్ దానికి కొన్ని రెట్లు ఉంటుంది. ఆ దెబ్బలను మింగడానికే రెండు ముక్కల ఫ్లైవీల్, మధ్యలో వంపు తిరిగిన స్ప్రింగులు ఉన్నాయి. దాన్ని తీసేస్తే దెబ్బలన్నీ గేర్ పళ్లకే చేరతాయి. ఖాళీగా ఉన్న గేర్లు గలగలమంటాయి, సింక్రోనైజర్లు (గేర్ మార్చేటప్పుడు వేగాలను కలిపే రింగులు) అరుగుతాయి, కొన్ని ఇంజన్లలో క్రాంక్ షాఫ్ట్ మీద కూడా ఆ ప్రభావం పడుతుంది. ఇంజన్‌తో పాటు దాని సొంత డ్యుయల్ మాస్ ఫ్లైవీలే తీసుకోండి. 1,400 చుట్లకు దిగువన పై గేర్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కే అలవాటు ఉన్న డ్రైవర్ అయితే, ఆ ప్రాంతంలోనూ టార్క్ కొంత తగ్గించి మ్యాప్ చేయించడం మంచిది. స్ప్రింగులు చివరంటా నొక్కుకుపోయి కొట్టుకునేది అక్కడే.

యాక్సిల్ నిష్పత్తిని 4.1 నుంచి 3.6కు మార్చి, ఇంజన్ బలంగా ఉంది కదా అని పాత గేర్‌బాక్స్ నిష్పత్తులతోనే నడుపుదామనే ఆలోచన కూడా కొందరికి వస్తుంది. ఇంధనం కొంత ఆదా అవుతుంది గాని క్లచ్ దెబ్బ తింటుంది. బండి కదిలేటప్పుడు సమతల రోడ్డు మీద క్లచ్‌లో పుట్టే వేడి, క్లచ్ పూర్తిగా పట్టుకునే వేగం దగ్గర బండికి ఉన్న గతిశక్తికి దాదాపు సమానం. ఇంజన్ 1,500 చుట్ల దగ్గర ఉంటే, మొత్తం నిష్పత్తి 17.22తో ఆ వేగం సెకనుకు 3.1 మీటర్లు, వేడి సుమారు 17 కిలోజౌళ్లు. నిష్పత్తి 15.12కు పడిపోతే వేడి 22 కిలోజౌళ్లు, అంటే ప్రతి కదలికకూ 30 శాతం ఎక్కువ. రోజంతా ఆగుతూ కదులుతూ సరుకు దించే వ్యాన్‌కు ఆ 30 శాతమే క్లచ్ ఆయుష్షును తినేస్తుంది. 20 శాతం ఎత్తులో నిండు బరువుతో కదలడానికి మొదటి సందర్భంలో క్లచ్ దగ్గర సుమారు 153 న్యూటన్ మీటర్లు, రెండవదానిలో 175 కావాలి. టర్బో ఇంకా ఊపందుకోని 1,000 చుట్ల దగ్గర ఈ తేడా చిన్నది కాదు. గరిష్ఠ టార్క్ 430 అన్న సంగతి అక్కడ ఏమీ సాయపడదు.

ఇవన్నీ కలిపి మీ స్థానంలో నేనైతే చేసేది ఇది. ఇంజన్‌ను ఒంటరిగా కొనను. అది వచ్చిన వ్యాన్ నుంచే ఆరు గేర్ల పెట్టె, ఫ్లైవీల్, క్లచ్, ఈసీయూ, వైరింగ్ అన్నీ కలిపి కొంటాను. పెట్టె పరిమితి కనీసం 470 ఉండాలని చూస్తాను. ఆ తరగతి పెట్టెల్లో మొదటి గేర్ 5.0 చుట్టుపక్కల, చివరిది 0.8 దగ్గర ఉండటం మామూలే. అప్పుడు యాక్సిల్‌ను 3.6కు మార్చవచ్చు: మొదటి గేర్ మొత్తం నిష్పత్తి 18.0 అవుతుంది, అంటే కదలడం ఇప్పటికంటే తేలిక, క్లచ్ వేడి 15 కిలోజౌళ్ల దగ్గరే. 100 కిలోమీటర్ల వేగంలో ఇంజన్ చుట్లు 2,560 నుంచి 2,250కి దిగుతాయి. అదే క్రౌన్ వీల్ వ్యాసంలో 4.1 కంటే 3.6 నిష్పత్తికి పినియన్ లావుగా ఉంటుంది, కాబట్టి హౌసింగ్ మారకుండానే పినియన్ కాస్త బలపడుతుంది. మొదటి గేర్‌లో, రివర్స్‌లో టార్క్‌ను 300 దగ్గర ఆపితే యాక్సిల్‌కు చేరేది పాత 4,900 దగ్గరే ఉంటుంది. రివర్స్ నిష్పత్తి మొదటి గేర్ కంటే ఎక్కువైతే అక్కడ ఇంకాస్త తగ్గించాలి.

ఈ ఏర్పాటులో భారం పెరిగే చోటు ఒకటుంది: గేర్‌బాక్స్ నుంచి వెనుక యాక్సిల్‌కు టార్క్ చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్. చక్రాల దగ్గర టార్క్ అంతే ఉంచి యాక్సిల్ నిష్పత్తి తగ్గిస్తే, దానికి ముందున్న షాఫ్ట్ ఎక్కువ టార్క్ మోయాలి. ఇప్పుడు అది మొదటి గేర్‌లో 310ని 4.2తో గుణించగా 1,300 చూస్తోంది. మార్పు తర్వాత 300ని 5.0తో గుణించగా 1,500. జాయింట్ క్రాస్‌లు పాతవే ఉంచితే 15 శాతం అదనపు భారాన్ని అవి మోయాలి. పెద్ద ఇంజన్ వచ్చిన వ్యాన్ షాఫ్ట్ జాయింట్ సైజు కొలిచి చూడండి, పెద్దదైతే అదే వేయించండి. కొత్త గేర్‌బాక్స్ పొడవు వేరు కాబట్టి షాఫ్ట్‌ను ఎలాగూ కోయించాలి లేదా పొడిగించాలి. ఆ తర్వాత బ్యాలెన్స్ చేయించకుండా, రెండు చివరల ఫోర్కులు ఒకే వరుసలో ఉన్నాయో లేదో చూడకుండా బిగించకండి. సెంటర్ బేరింగ్ ఎత్తు కొద్దిగా మారినా జాయింట్ కోణాలు మారిపోయి, కదిలేటప్పుడు నేల కింద వణుకు పుడుతుంది. దాన్ని చాలామంది క్లచ్ లోపమని పొరబడి క్లచ్ విప్పిస్తారు.

రీమ్యాప్ ప్రశ్నకు జవాబు చిన్నదే. 310ని 400 చేస్తే గేర్‌బాక్స్‌కు ఆ టార్క్ ఏ ఇంజన్ నుంచి వచ్చిందన్న తేడా లేదు. పైగా చిన్న ఇంజన్‌తో అంత తీయాలంటే సిలిండర్‌లో పీడనం మరింత పెంచాలి, ఒక్కొక్క దెబ్బ మరింత పదునవుతుంది. మీ పెట్టెతో 340 దాటకుండా, కింది చుట్లలో పెంచకుండా చేయించుకుంటే నాకు అభ్యంతరం లేదు.

ఆటోమేటిక్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. టార్క్ కన్వర్టర్ ఉన్న పెట్టెలో, బండి నిలిచి ఉన్నప్పుడు ఇంజన్ టార్క్ దాదాపు రెండు రెట్లయి లోపలికి వెళుతుంది. అందుకే అటువంటి పెట్టెలకు రెండు పరిమితులు ఇస్తారు. ఉదాహరణకు 4ఎల్80-ఈకి ఇంజన్ వైపు 440 పౌండ్-అడుగులు, కన్వర్టర్ తర్వాత లోపలి గేర్ల వద్ద 885 పౌండ్-అడుగులు. మొదటిది సరిపోయిందని రెండవది చూడకుండా వదిలేయకూడదు. దానితో పాటు ఆ పెట్టెకు అనుమతించిన ట్రైలర్‌తో కలిపిన మొత్తం బరువు కూడా చూడాలి. నిండు బరువుతో ఆగుతూ కదిలే పనికి కన్వర్టర్ ఆటోమేటిక్ నిజంగానే మంచిది, క్లచ్ పళ్లెం అరగదు, కుదుపులు నూనెలోనే అణగిపోతాయి. రెండు క్లచ్‌ల పెట్టెల్లో అయితే పొడి క్లచ్ ఉన్నవాటిని వ్యాన్ పనికి దూరంగా ఉంచండి. ఫోక్స్‌వాగన్ వరుసలో పొడి క్లచ్‌ల డీక్యూ200 పరిమితి 250 న్యూటన్ మీటర్లు, నూనెలో తడిసే క్లచ్‌ల డీక్యూ500ది 600. ట్రాన్స్‌పోర్టర్ వ్యాన్లకు ఆ సంస్థ ఇచ్చింది రెండవదాన్నే.

ఆటోమేటిక్‌తో రీమ్యాప్ కలిపితే వచ్చే చిక్కు మరొకటి ఉంది. ఇప్పటి పెట్టెలు లోపలి క్లచ్‌లను ఎంత పీడనంతో పట్టుకోవాలో ఇంజన్ ఈసీయూ పంపే టార్క్ అంకెను బట్టి నిర్ణయిస్తాయి. నిజంగా 430 ఇస్తూ, పరిమితి అడ్డు రాకుండా 350 అనే అబద్ధపు అంకెను పంపేలా మ్యాప్ చేస్తే, పెట్టె 350కి సరిపడా పీడనమే పెడుతుంది. క్లచ్‌లు కంటికి కనిపించనంతగా జారుతూ కాలిపోతాయి, నూనె నల్లబడి మాడు వాసన వస్తుంది. నూనె వేడి 120 డిగ్రీలు దాటి నిలకడగా ఉంటే ఆ పెట్టె ఎక్కువ కాలం నిలవదు. ట్రైలర్ లాగేవారికి విడి కూలర్, వేడి చూపే గేజ్ తప్పనిసరి అని నా అభిప్రాయం.

ఒకవేళ మీ మరో వ్యాన్ ముందు చక్రాల డ్రైవ్ అయితే, ఈ లెక్కలు దానికి తలకిందులవుతాయి. అక్కడ లోడ్ పెరిగినకొద్దీ, ఎత్తు ఎక్కినకొద్దీ ముందు చక్రాల పట్టులో వాటా తగ్గుతుంది, టైర్లు ముందే జారి సీవీ జాయింట్లను (ముందు చక్రాలకు టార్క్ చేర్చే వంగే జాయింట్లను) కాపాడతాయి. కానీ డిఫరెన్షియల్ గేర్‌బాక్స్‌లోనే ఉంటుంది, కాబట్టి ఒకటి పగిలితే రెండూ పోతాయి.

బిగించేటప్పుడు రెండు విషయాలు. అడాప్టర్ ప్లేట్‌తో ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ జత కుదిర్చితే, బెల్ హౌసింగ్ రంధ్రం క్రాంక్ కేంద్రంతో 0.1 మిల్లీమీటరుకు అటూఇటూగా కలుస్తుందో లేదో డయల్ గేజ్ పెట్టి చూడమనండి. ఇది కలవకపోతే ఎంత బలమైన పెట్టె అయినా ఇన్‌పుట్ బేరింగ్‌ను తినేస్తుంది, తప్పు మాత్రం పెట్టె మీదకు వస్తుంది. ఇక నూనె: యాక్సిల్‌లోని హైపాయిడ్ పళ్లకు (ఒకదానిమీద ఒకటి జారుతూ తిరిగే క్రౌన్, పినియన్ పళ్లకు) జీఎల్-5 రకం గేర్ నూనె కావాలి, అదే నూనెను ఇత్తడి సింక్రోనైజర్లున్న మాన్యువల్ పెట్టెలో పోయకూడదు. ఒకే డబ్బా రెండింటికీ వాడే వర్క్‌షాపులు ఉన్నాయి కనుక తయారీదారు చెప్పిన రకమేదో కాగితం మీద రాసి ఇవ్వండి.

మొదటి 1,500 కిలోమీటర్ల తర్వాత గేర్‌బాక్స్, యాక్సిల్ రెండింటి డ్రెయిన్ ప్లగ్గులు విప్పించి అయస్కాంతాలను దగ్గరుండి చూడండి. వేలితో రాస్తే జారిపోయే సన్నని బూడిదరంగు ముద్ద ఉంటే అది సాధారణం. ముద్దలో బంగారు రంగు మెరుపు కలిసి ఉంటే సింక్రోనైజర్ రింగులు అరుగుతున్నాయి. గోటికి తగిలే పలుచని రేకులు, ఒక వైపు నునుపుగా, మరో వైపు గరుకుగా కనిపిస్తే పళ్ల ఉపరితలం గాని బేరింగ్ దారి గాని పొరలుగా లేస్తోందని అర్థం. ఆ రేకులు ఏ ప్లగ్గుకు అంటుకున్నాయో గమనించి ఫొటోతో ఇక్కడ పెట్టండి, ఎక్కడ విప్పాలో చెబుతాను.